పొగ లేచిన చోటే ఊరు: కాన్సాస్ గడ్డిమైదానంలో నికోడెమస్

160 ఎకరాలు, 18 డాలర్లు, ఐదేళ్ల కాపురం. 1862 మే 20న అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం సారమంతా ఈ మూడు మాటల్లో ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు గానీ, కుటుంబ పెద్దగా ఉన్నవారు గానీ ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు తమ పేరిట నమోదు చేయించుకోవచ్చు. అక్కడే ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు సాగు చేసి, ఆ సంగతి ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకుంటే పట్టా చేతికి వస్తుంది. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. ముఖ్యమైన షరతు: దేశ పౌరుడై ఉండాలి, లేదా పౌరుడిని కావాలని దరఖాస్తు పెట్టుకుని ఉండాలి. ఆ చట్టం వచ్చేనాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది నల్లజాతి మనుషులు ఇంకొకరి ఆస్తి కింద జమ. ఆస్తి లెక్కలో ఉన్న మనిషి పేరు మీద ఆస్తి రాయరు.

పదిహేనేళ్లు గడిచాయి. 1877లో, బానిసత్వంలో పుట్టి పెరిగిన కొన్ని వందల మంది కెంటకీ రాష్ట్రం నుంచి రైలెక్కి కాన్సాస్ రాష్ట్రం వాయవ్య మూలకు వెళ్లారు. ఇప్పుడు గ్రాహం కౌంటీగా పిలిచే ఆ ప్రాంతంలో, సాలమన్ నది దక్షిణ పాయ పక్కన, చెట్టూ చేమా లేని గడ్డినేల మీద ఒక ఊరు కట్టారు. దాని పేరు నికోడెమస్. మిసిసిపీ నదికి పడమట నల్లజాతివారు స్థాపించుకున్న తొలి ఊళ్లలో అదొకటి. ఆ తరంలో వెలిసిన అలాంటి ఊళ్లు చాలావరకు పేరు కూడా మిగలకుండా పోయాయి. ఇది మాత్రం మిగిలింది, చాలా చిన్నదిగా.

నికోడెమస్ గురించి మామూలుగా చెప్పే కథ చిన్నది. ధైర్యవంతులు వచ్చారు, కష్టాలు పడ్డారు, ఊరు ఎదిగింది, రైలు దారి పక్కనుంచి పోయింది, ఊరు ఎండిపోయింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పదు. ఏమీ లేని చోట ఆ ఊరు అసలు ఎలా నిలదొక్కుకుంది? రైలు రాక ఊరు పోయిందంటే, ఆ రైలు పక్కనుంచి పోయిన 1888 తర్వాత మరో రెండు మూడు తరాలు అక్కడే ఎందుకు బతికాయి? ఈ రెంటికీ జవాబు దొరకాలంటే భూమి చట్టం, వాన, ఊరు పెట్టే వ్యాపారం, రైలు అనే నాలుగు పోగులను విడదీసి చూడాలి. బంధుత్వం అనే ఐదో పోగును కూడా వదలకూడదు. చరిత్ర పుస్తకాలు దానికి తక్కువ చోటిచ్చాయని నా అభిప్రాయం.

కెంటకీ ఎందుకు విడిచారు

కెంటకీ అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షానే ఉండిపోయింది. అందువల్ల, తిరుగుబాటు చేసిన రాష్ట్రాల కోసమే లింకన్ 1863లో చేసిన విముక్తి ప్రకటన ఆ రాష్ట్రానికి వర్తించలేదు. అక్కడి బానిసలకు చట్టప్రకారం పూర్తి విడుదల 1865 డిసెంబరులో, పదమూడో రాజ్యాంగ సవరణతోనే వచ్చింది. విడుదల అయితే వచ్చింది గానీ, దాంతోపాటు సెంటు భూమి కూడా రాలేదు. జనపనార, పొగాకు పండించే అవే తోటల్లో, అదే యజమాని దగ్గర, ఇప్పుడు కూలికో పాలికో పని. 1868లో పద్నాలుగో సవరణ పౌరసత్వం ఇచ్చింది. హోమ్‌స్టెడ్ చట్టం తలుపు వాళ్లకు నిజంగా తెరుచుకున్నది అప్పుడే. 1877లో దక్షిణాది నుంచి సమాఖ్య సైన్యం వెనక్కి వెళ్లింది. తమకు రక్షణగా నిలిచే శక్తి ఇక లేదని అక్కడి నల్లజాతివారికి అర్థమైపోయింది.

కాన్సాస్ పేరుకు వాళ్లలో ఒక మహిమ ఉండేది. బానిసత్వానికి వ్యతిరేకంగా జాన్ బ్రౌన్ ఆయుధం పట్టిన నేల అది. 1861లో స్వేచ్ఛా రాష్ట్రంగానే సమాఖ్యలో చేరింది. పైగా అక్కడ భూమి ఉంది.

ఇక్కడ ఒక గందరగోళాన్ని సరిచేయాలి. కాన్సాస్‌కు నల్లజాతివారి వలస అనగానే చాలామంది 1879 నాటి మహా వలసను తలుచుకుంటారు. మిసిసిపీ, లూసియానా వంటి రాష్ట్రాల నుంచి వేలమంది ఒక్కసారిగా, ముందు ఏర్పాట్లేవీ లేకుండా, పడవలెక్కి వచ్చేసిన సంవత్సరమది. నికోడెమస్ జనాన్ని కూడా ఆ గుంపులోనే కలిపి రాస్తుంటారు. అది పొరపాటు. వీళ్లు రెండేళ్లు ముందే వచ్చారు, ఒక కంపెనీ ద్వారా, చర్చిల వారీగా కూడబలుక్కుని, ఫలానా చోటికి అని తెలిసి వచ్చారు. ఒకే ఊరి వాళ్లు, ఒకే చర్చి వాళ్లు, వరసలు కలిసినవాళ్లు. ఈ తేడా చిన్నది కాదు, తర్వాత జరిగినదంతా దీనిమీదే ఆధారపడింది.

ఊరు పెట్టడం ఒక వ్యాపారం

నికోడెమస్ టౌన్ కంపెనీ 1877 ఏప్రిల్ 18న ఏర్పడింది. అధ్యక్షుడు నల్లజాతి మతబోధకుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్. కోశాధికారి డబ్ల్యూ.ఆర్. హిల్, ఇండియానా నుంచి వచ్చిన తెల్లజాతి భూవ్యాపారి. సైమన్ రౌండ్‌ట్రీ, జాకరీ ఫ్లెచర్ వంటి మిగిలిన సభ్యులు నల్లజాతివారు. ఊరి పేరు ఎక్కడిదంటే రెండు మాటలు వినిపిస్తాయి. బైబిల్లో రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చి మాట్లాడిన నికోదేము పేరని కొందరు అంటారు. ఆఫ్రికాలో రాజవంశంలో పుట్టి, బానిసగా అమెరికాకు వచ్చి, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న ఒక నికోడెమస్ పేరని మరికొందరు చెబుతారు. అక్కడికి వెళ్లినవాళ్లకు రెండో కథ ఎంత దగ్గరగా అనిపించి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ రోజుల్లో పడమటి రాష్ట్రాల్లో ఊరు పెట్టడం ఇలా సాగేది. ముందు ఒక కంపెనీ కడతారు. కాగితం మీద వీధులు గీసి స్థలాలు విడదీస్తారు. కరపత్రాలు అచ్చువేసి దూరప్రాంతాల్లో పంచుతారు. వచ్చినవాళ్లకు ఊళ్లో స్థలం అమ్ముతారు, చుట్టుపక్కల ప్రభుత్వ భూమిలో మంచి ముక్క చూపించి, దరఖాస్తు రాసిపెట్టి, దానికి రుసుము తీసుకుంటారు. నాలుగు రోజుల్లో ఊరు పెరిగితే మిగిలిన స్థలాల ధర పెరుగుతుంది. అంటే ఊరు పెట్టినవాడికి లాభం జనం రావడంలో ఉంది, వాళ్లు పంట తీయడంలో లేదు. జనం రావాలంటే నేలను గురించి గొప్పగా చెప్పాలి.

హిల్, స్మిత్‌లు కెంటకీ చర్చిల్లో గొప్పగానే చెప్పారు. సారవంతమైన నల్లనేల, కావలసినంత వేట, పట్టి మచ్చిక చేసుకోదగ్గ అడవి గుర్రాలు కూడా ఉన్నాయని చెప్పినట్టు ఆ తరంవాళ్లు గుర్తుచేసుకున్నారు. నేల సారం మాట నిజం. మిగతావి వచ్చినవాళ్లకు కనిపించలేదు. హిల్‌ను పచ్చి మోసగాడని తేల్చేయడం సులువే. ఆ కాలపు భూవ్యాపారులంతా మాట్లాడినట్టే అతడూ మాట్లాడాడు. నన్ను బాధించేది వేరే విషయం. మాట తప్పితే ఆ వ్యాపారికి పోయేది కొన్ని డాలర్లు. నమ్మి వచ్చినవాళ్లకు పోయేది ఒక చలికాలంలో ప్రాణాలు. ఆ బేరంలో రెండు వైపులా తూకం ఎప్పుడూ సమానంగా లేదు.

నేలలోకి దిగిన ఇళ్లు

1877 వేసవిలో కాన్సాస్ రాజధాని టొపీకా నుంచి చిన్న గుంపు ముందుగా చేరింది. సెప్టెంబరులో కెంటకీలోని లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ పరిసరాల నుంచి 300కు పైగా జనం బయలుదేరారు. రైలు ఎలిస్ అనే ఊరి దాకానే. అక్కడి నుంచి ఉత్తరంగా దాదాపు 35 మైళ్లు. దారి లేదు, దారి చూపే చెట్టు గుర్తు లేదు. సామాను బండ్ల మీద, మనుషులు కాలినడకన.

వచ్చి చూస్తే ఊరు లేదు. దాదాపు అరవై కుటుంబాలు వెంటనే వెనక్కి మళ్లాయని చెబుతారు. హిల్ మీద కోపం ప్రాణం తీసేంత దాకా వెళ్లింది, అతడు కొన్నాళ్లు దాక్కోవలసి వచ్చింది. వెనక్కి వెళ్లినవాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనకూడదు. సెప్టెంబరు మధ్యలో చేరినవాళ్లకు ఆ ఏడు పంట వేసే అదను దాటిపోయింది. చేతిలో డబ్బు రైలు టిక్కెట్టుకు, రుసుములకు అయిపోయింది. ముందున్నది కాన్సాస్ చలికాలం. ఉండిపోయినవాళ్లలో చాలామందికి తిరిగి వెళ్లే టిక్కెట్టు డబ్బులైనా లేవు. చరిత్రలో ధైర్యంగా కనిపించే చాలా నిర్ణయాల వెనుక ఇలాంటి ఖాళీ జేబులు ఉంటాయి. అలాగని ఆ ధైర్యం విలువ తగ్గిపోదు.

ఇళ్లు ఎందుకు లేవో తెలియాలంటే ప్రెయిరీ గడ్డినేల స్వభావం తెలియాలి. ఏటి ఒడ్డున నాలుగు చెట్లు తప్ప ఎటు చూసినా గడ్డే. దూలానికి, వాసానికి, తలుపుకు, ఆఖరికి పొయ్యిలోకి కూడా కర్ర లేదు. కర్ర కొని తెచ్చుకోవాలంటే రైలు దగ్గరికి 35 మైళ్లు వెళ్లాలి. అందుకని గట్టు పక్కన, ధాన్యం పాతర తవ్వినట్టు, నేలలోకి గది తవ్వుకున్నారు. మూడు వైపులా మట్టే గోడ. ముందువైపు గడ్డిపెళ్లలు పేర్చి చిన్న గోడ, పైన కొమ్మలు, వాటి మీద గడ్డి, దాని మీద మట్టి. పొయ్యి పొగ పోవడానికి ఒక గొట్టం. బయటినుంచి చూస్తే నేల మట్టానికి ఎత్తుగా కనిపించేది ఆ గొట్టం ఒక్కటే.

1878 వసంతంలో కెంటకీ నుంచి వచ్చిన మరో గుంపులో విలియానా హిక్‌మన్ అనే ఆమె ఉంది. భర్త డేనియల్ హిక్‌మన్ ఆ గుంపును నడిపించిన మతబోధకుడు. దారిలో ఎలిస్ దగ్గర పిల్లలకు తట్టు సోకింది. కొందరు పిల్లలను అక్కడే పూడ్చిపెట్టి ముందుకు కదలవలసి వచ్చింది. చివరికి మగవాళ్లు అదిగో నికోడెమస్ అని కేకలు వేశారు. ఆమె ఆత్రంగా చూసింది. ఏదీ, నాకు కనిపించడం లేదే అంది. భర్త నేలలోంచి లేస్తున్న పొగలను చూపించాడు. అదే నికోడెమస్ అన్నాడు. తనకు ఏడుపు ఆగలేదని ముసలితనంలో ఆమె చెప్పుకుంది. ఊరంటే చర్చి శిఖరం, ఇళ్ల వరస అని ఊహించుకుని పిల్లల సమాధులు దాటి వచ్చిన తల్లికి కనిపించింది నాలుగు పొగ తీగలు. ఈ నాలుగు మాటల్లో ఉన్నంత ప్రెయిరీ చరిత్ర నాకు లావుపాటి గ్రంథాల్లో కూడా దొరకలేదు.

తొలి చలికాలం ఎలా గడిచింది? పొయ్యిలోకి పిడకలు, ఎండిన పొద్దుతిరుగుడు కాడలు. మైదానమంతా పడి ఉన్న అడవిదున్నల ఎముకలు ఏరి, రైలు ఊరికి మోసుకెళ్లి ఎరువు కోసం అమ్మారు. మగవాళ్లు రైలు పనులకు, దూరంగా ఉన్న పొలాల్లో కూలికి నడిచి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోయేవారు. ఊరు నడిపింది ఆడవాళ్లు. వేట నుంచి తిరిగి వస్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లు తమ మాంసంలో కొంత ఇచ్చి ఆదుకున్నారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు.

ఆ జ్ఞాపకం ఊరికే చెప్పుకుని వదిలేయదగ్గది కాదు. ప్రభుత్వం ఉచితంగా పంచిన ఈ భూమి ఖాళీ భూమి కాదు. పానీ, షయాన్, అరాపహో వంటి తెగలు వేటాడిన నేల. 1867 నాటి మెడిసిన్ లాడ్జ్ ఒప్పందాల తర్వాత షయాన్, అరాపహో తెగలను దక్షిణానికి నెట్టారు. ఓసేజ్ తెగ కూడా 1870ల మొదట్లో కాన్సాస్‌లో తన భూములు వదులుకుని వెళ్లవలసి వచ్చింది. వాళ్ల అడవిదున్నలను వేటగాళ్లు లక్షల్లో చంపి ఎముకలు వదిలేశారు. నేల పోగొట్టుకున్నవాళ్లు, ఎన్నడూ నేల లేనివాళ్లకు తిండి పెట్టారు. ఈ రెండు సత్యాలనూ కలిపి పట్టుకోవాలి. ఒకదాని కోసం ఇంకొకదాన్ని దాచడం నాకు న్యాయంగా తోచదు.

వాన గీత

1878 వసంతంలో సాగు మొదలైంది. గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. కొందరు పారలతో, తవ్వుగోలలతోనే నేల విప్పారు. మామూలు నేల కాదు అది. వందల ఏళ్లుగా అల్లుకుపోయిన గడ్డివేళ్లు మట్టిని చాపలా బిగించి ఉంచుతాయి. ఉక్కు నాగలి, దానికి తగ్గ ఎద్దులో గుర్రాలో ఉంటేనే ఆ చాప చీలుతుంది. అందుకే తొలి ఏళ్లలో కుటుంబానికి నాలుగైదు ఎకరాలు పగలడమే గొప్ప. 160 ఎకరాల పట్టాదారు చేతిలో నిజంగా ఉన్నది ఒక చిన్న మడి, దాని చుట్టూ గడ్డి.

దానికంటే పెద్ద చిక్కు ఆకాశంలో ఉంది. అమెరికాలో నూరో పశ్చిమ రేఖాంశం ఒక వాన గీత లాంటిది. దానికి తూర్పున ఏటా 20 అంగుళాలకు, అంటే దాదాపు 500 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. పడమటికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. నికోడెమస్ సరిగ్గా ఆ గీత అంచున, కొద్దిగా తూర్పున ఉంది. సగటు చూస్తే పంటకు సరిపోతుంది. కానీ అంచు నేలలో సగటును నమ్మకూడదు. రెండేళ్లు కురిసి, మూడో ఏడు ఎగ్గొట్టి, నాలుగో ఏడు వడగళ్లతో వస్తుంది. రైతుకు కావలసింది సగటు వాన కాదు, అదనుకు పడే వాన.

ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. జాన్ వెస్లీ పవెల్ అనే భూశాస్త్రవేత్త సరిగ్గా 1878లోనే ప్రభుత్వానికి పొడి ప్రాంతాల భూములపై నివేదిక ఇచ్చాడు. 20 అంగుళాల వాన లేనిచోట నీటిపారుదల లేకుండా సాగు మీద ఆధారపడలేమని, పశువుల మేపుకైతే కుటుంబానికి 2,560 ఎకరాలైనా కావాలని చెప్పాడు. చట్టం ఇచ్చేది 160. తడి తూర్పు రాష్ట్రాల పొలాన్ని మనసులో పెట్టుకుని వాషింగ్టన్‌లో గీసిన చతురస్రాన్ని పొడి పడమటి నేల మీద పరిచారన్నమాట. పవెల్ మాట ఎవరికీ రుచించలేదు. అందరికీ నచ్చిన సిద్ధాంతం వేరే ఒకటి ఉండేది: నాగలి వెంట వాన వస్తుందట. నేల దున్నితే తేమ పెరిగి మబ్బులు వస్తాయని కొందరు పండితులే రాశారు. రైలు కంపెనీలు, భూవ్యాపారులు దాన్ని ఊరూరా చాటారు. 1880ల నడిమిన వానలు బాగా పడటంతో జనం నమ్మారు కూడా. నికోడెమస్ ఎదిగింది సరిగ్గా ఆ తడి ఏళ్లలోనే.

పదేళ్లలో పట్టణం

ఎదుగుదల వేగంగా జరిగింది. జాకరీ ఫ్లెచర్ తొలి పోస్టుమాస్టరు, తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ తెరిచాడు. అతడి భార్య జెన్నీ స్మిత్ ఫ్లెచర్ తొలి పంతులమ్మ. 1879లో గ్రాహం కౌంటీలో మొదటి పాఠశాల జిల్లాగా నమోదైంది నికోడెమస్ బడే. చదువు నేర్పడమే నేరంగా చూసిన సమాజంలోంచి వచ్చినవాళ్లు, కడుపు నిండకముందే బడి పెట్టుకున్నారు. నేలలోని గుంటల నుంచి గడ్డిపెళ్లల ఇళ్లకు, అక్కడి నుంచి సున్నపురాతి కట్టడాలకు మారారు. ఆ చుట్టుపక్కల దొరికే మెత్తటి పసుపు సున్నపురాయి వాళ్లకు కర్ర లేని లోటు తీర్చింది. 1880ల మధ్యకు రెండు హోటళ్లు, చర్చిలు, బ్యాంకు, మందుల దుకాణం, సరుకుల దుకాణాలు వెలిశాయి. దుకాణదారుల్లో తెల్లవారు కూడా ఉన్నారు. 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అనే రెండు పత్రికలు మొదలయ్యాయి.

ఓటుహక్కు కూడా పని చేసింది. 1880లో గ్రాహం కౌంటీ ఏర్పడ్డప్పుడు గవర్నరు తాత్కాలిక క్లర్కుగా నియమించింది నికోడెమస్ నుంచి వచ్చిన ఎడ్వర్డ్ మెకేబ్‌ను. 1882లో అదే మెకేబ్ కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. ఆ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవికి గెలిచిన తొలి నల్లజాతి మనిషి. దక్షిణాదిలో ఓటు వేయడానికి వెళ్తే ప్రాణాలు పోయే రోజులవి. కానీ కౌంటీ ముఖ్యపట్టణం అయ్యే పోటీలో నికోడెమస్ గెలవలేదు. ఆ హోదా చివరికి దక్కింది హిల్ సిటీకి. పేరులోనే ఉంది ఎవరు పెట్టిన ఊరో: మన కోశాధికారి డబ్ల్యూ.ఆర్. హిల్.

16,000 డాలర్ల పందెం

పండిన గోధుమలు బండి మీద 35 మైళ్లు తోలుకెళ్లి, సరుకుతో తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ఆ ఖర్చు పోగా రైతుకు మిగిలేది స్వల్పం. రైలు పక్కనుంటే అదే గోధుమ విలువ పెరుగుతుంది, కర్ర, బొగ్గు ధర తగ్గుతుంది. అందుకే ప్రతి ఊరూ రైలు కంపెనీల కోసం అర్రులు చాచేది. కంపెనీలు ఆ ఆశతో బేరమాడేవి: మీ ఊరి మీదుగా దారి వేయాలంటే మీరు ఎంత ఇస్తారు? ఊరివాళ్లు ఓటింగు పెట్టి, పన్నులతో తీర్చే బాండ్లు మంజూరు చేసేవారు.

1887లో నికోడెమస్ ప్రజలు మిస్సోరి పసిఫిక్ రైలు కోసం 16,000 డాలర్ల బాండ్లకు ఓటు వేశారు. పదేళ్ల క్రితం గుంటల్లో బతికినవాళ్లకు అదెంత పెద్ద మొత్తమో చెప్పనక్కర లేదు. సర్వే జరిగింది. పత్రికలు సంబరపడ్డాయి. రైలు రాలేదు. యూనియన్ పసిఫిక్ అనే మరో కంపెనీ వేసిన దారి 1888లో నదికి దక్షిణపు ఒడ్డున, కొన్ని మైళ్ల అవతల నుంచి పోయింది. దాని పక్కన బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు ఒక్కొక్కరే అక్కడికి తరలిపోయారు. కొందరు కట్టడాలనే బండ్ల మీదికెక్కించి లాక్కుపోయారు. పత్రికలు కూడా ఆగిపోయాయి.

రైలు రాకపోవడానికి జాతి వివక్షే కారణమా? అప్పుడూ ఇప్పుడూ చాలామంది ఆ మాట అంటారు. కంపెనీల లెక్కల్లో నది వంపు, దారి ఖర్చు, తమ సొంత స్థలాల అమ్మకం కూడా ఉండేవి, పాత ఊరిని వదిలి పక్కన కొత్త ఊరు పెట్టుకుంటే స్థలాల లాభమంతా వాళ్లదే. తెల్లవారి ఊళ్లు కూడా ఇలాగే వందలకొద్దీ పోయాయి. అయితే పోయిన తెల్లవాడి ఊరికి పక్కన ఇంకో ఊరు ఉండేది, అతడు సమానుడిగా వెళ్లి కలిసిపోయేవాడు. నికోడెమస్ పోతే దాని జనానికి అలాంటి మరో ఊరు లేదు. అందువల్ల ఒకే దెబ్బ ఇద్దరికీ ఒకేలా తగల్లేదు.

దుకాణాలు వెళ్లిపోయాక

దుకాణాలు వెళ్లిపోయాయి గానీ పొలాలు వెళ్లలేదు. నికోడెమస్ అనే పేరుకు మొదటి నుంచీ రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి వీధులు, హోటళ్లు ఉన్న పట్టణం. రెండోది దాని చుట్టూ మైళ్ల దూరం పరుచుకున్న 160 ఎకరాల చతురస్రాలు, వాటి మీద కాపురం ఉన్న కుటుంబాలు. రైలు మొదటిదాన్ని తీసుకుపోయింది. రెండోదానికి ప్రభుత్వ పట్టాలున్నాయి. వ్యాపారి సరుకు బండికెక్కించుకుని పోగలడు. ఐదేళ్లు సాగు చేసి సంపాదించిన నేలను బండికి ఎక్కించలేరు. కెంటకీలో వాళ్ల తాతలకు ఎన్నడూ లేనిది ఆ పట్టా కాగితమే.

పైగా వాళ్లు విడివిడి కుటుంబాలు కారు. ఒకే చర్చి నుంచి, ఒకే తోటల నుంచి కలిసి వచ్చినవాళ్లు. ఇక్కడ మళ్లీ ఒకరింటి పిల్లనొకరు చేసుకుని వియ్యాలందారు. ఒకరి గుర్రం ఇంకొకరి పొలంలో, ఒకరి కోతకు ఇంకొకరి చేతులు. 1890లలో కరువు వచ్చి వాన సిద్ధాంతం గాలికి కొట్టుకుపోయినప్పుడు కాన్సాస్ పడమటి జిల్లాల నుంచి వేలమంది వెళ్లిపోయారు. ఇక్కడివాళ్లు కొందరు ఆ పొలాలు కొనుక్కుని, 160 ఎకరాల చట్టపు కొలతను దాటి, ఆ నేలకు తగ్గ పెద్ద కమతాలు చేసుకున్నారు. గోధుమ, జొన్న పండించారు. పవెల్ చెప్పిన పాఠాన్ని వాళ్లు నివేదిక చదివి కాదు, పొలంలో నేర్చుకున్నారు. 1907లో బాప్టిస్టులు రాతి చర్చి కట్టారు. 1918లో కొత్త బడి కట్టారు. నికోడెమస్ బ్లూస్ పేరుతో బేస్‌బాల్ జట్టు చుట్టుపక్కల ఊళ్లలో పేరు తెచ్చుకుంది. చచ్చిపోయిందని చెప్పే ఊరిలో జరిగినవి ఇవన్నీ.

అసలు విరుగుడు లేని దెబ్బ 1930లలో తగిలింది. గోధుమ ధర కుప్పకూలింది, వాన మొహం చాటేసింది, దున్నిన మట్టి దుమ్ము తుఫానులై లేచింది. ఒకప్పుడు గడ్డివేళ్లు పట్టి ఉంచిన మట్టే అది. 1935 నాటికి ఊళ్లో మిగిలింది 76 మంది. ఆ గడ్డు రోజుల్లోనే సమాఖ్య ప్రభుత్వ ఉపాధి పథకం కింద ఊరివాళ్లు రాతితో టౌన్‌షిప్ హాలు కట్టారు. అది 1939లో పూర్తయింది. తర్వాత యంత్రాలు వచ్చి పొలాలకు మనుషుల అవసరం తగ్గింది. పిల్లలు డెన్వర్, టొపీకా, కాన్సాస్ సిటీ, ఇంకా దూరంగా కాలిఫోర్నియా వెళ్లారు. 1953లో పోస్టాఫీసు, 1960లో బడి మూతపడ్డాయి. ఆ బడిలో చదివిన పిల్లవాడు వెరిల్ స్విట్జర్ 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే వృత్తి జట్టుకు, కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండులోనే ఎంపికైన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఎంత దూరం వెళ్లినా నికోడెమస్‌లో తన వాళ్ల పొలం మాత్రం అతడు వదల్లేదు.

ఊరి పిల్లలు, మనవలు పట్టుబట్టి ప్రయత్నించగా 1976లో జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది. 1996లో జాతీయ ఉద్యానాల శాఖ కిందికి చేరింది. హోటలు, రెండు చర్చిలు, బడి, టౌన్‌షిప్ హాలు, ఈ ఐదు కట్టడాలు ఇప్పుడు రక్షణలో ఉన్నాయి. ఊళ్లో శాశ్వతంగా ఉండేవాళ్లు పాతిక మంది కూడా లేరు.

ఏటా జులై చివరి శని ఆదివారాలకు మాత్రం కార్లు వరసగా వచ్చి ఆ టౌన్‌షిప్ హాలు చుట్టూ ఆగుతాయి. బానిసత్వ విమోచన పండుగగా మొదటి తరంవాళ్లు జరుపుకున్నదే అది. వందల మంది దిగుతారు, పిల్లలకు పెద్దలు వేలు చూపించి చెబుతారు: ఆ గట్టు దగ్గర మన వాళ్ల గుంట, ఆ రాళ్ల కుప్ప దగ్గర మన దుకాణం, ఆ కంచె అవతల ఇప్పటికీ మన గోధుమ చేను. దగ్గర్లోని ఒక పాత పొలంలో పురావస్తు పరిశోధకులు తవ్వగా తొలి తరంవాళ్ల నేల ఇంటి గోడలు బయటపడ్డాయి. మిగతా గుంటలు ఎప్పుడో పూడిపోయాయి, వాటి మీద గడ్డి మొలిచింది.